చేవ తేలిన కర్ర, చేయి తిరిగిన పని



పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి ప్రాంతాల రైతుకు చెట్టు పెంచడం కొత్త కాదు. మామిడి తోటలు మాకు తాతల నాటి నుంచి ఉన్నాయి. సారపాకలో కాగితం మిల్లు వచ్చాక జామాయిల్, సుబాబుల్ చేలలోకి దిగాయి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్ పామ్ తోటలు అల్లుకున్నాయి. ఇప్పుడు ఆ వరసలోకి మహాగని వచ్చి చేరింది. కొందరు గట్ల మీద నాటుతున్నారు, కొందరు ఎకరాలకు ఎకరాలే వేస్తున్నారు. పదేళ్లో పన్నెండేళ్లో ఓపిక పడితే ఎకరానికి కోట్లు వస్తాయని మొక్కలమ్మేవాళ్లు ఆశ పెడుతున్నారు. పట్నంలో ఫర్నిచర్ షాపుకు వెళితే అక్కడా ఇదే పేరు వినిపిస్తుంది. మహాగని డైనింగ్ టేబుల్, మహాగని మంచం, మహాగని తలుపు అంటూ మామూలు సామాను కంటే ఎక్కువ ధర చెబుతారు.

ఈ కర్రకు అంత పేరు ఎలా వచ్చింది? ఆ పేరుకు తగ్గ సామాను దేనివల్ల తయారవుతుంది? మన గట్టు మీద పెరిగిన చెట్టు ఆ స్థాయిని అందుకోవాలంటే ఏం చెయ్యాలి? ఈ ప్రసంగంలో వీటి గురించే మాట్లాడతాను. నా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాను. మేలైన కర్ర సామానుకు విలువ రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, చెట్టులో చేవ తేలడానికి పట్టిన కాలం. రెండు, వడ్రంగికి చెయ్యి తిరగడానికి పట్టిన కాలం. ఈ రెండింటిలో దేనికి తొందరపడినా చివరికి చేతికి మిగిలేది పేరొక్కటే.

మహాగని వేప కుటుంబపు చెట్టు. దాని పుట్టిల్లు కరీబియన్ దీవులు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులు. అందులో పేరున్నవి రెండు రకాలు. చిన్న ఆకు రకం క్యూబా, జమైకా వంటి దీవులది. పెద్ద ఆకు రకం మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న అడవులది. ఈ పెద్ద ఆకు మహాగని తన అడవిలో 40 మీటర్ల ఎత్తుకు కూడా ఎదుగుతుంది. కోసిన కొత్తల్లో కర్ర లేత గులాబి ఛాయలో ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఎరుపు ముదురుతూ పోతుంది. ఆరిన కర్ర ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు తూగుతుంది. అంటే టేకు కంటే కొంచెం తేలిక.

వడ్రంగులు దీన్ని మెచ్చుకోవడానికి అసలు కారణం రంగు కాదు, నిలకడ. ఏ కర్రయినా వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆరి కుదించుకుపోతుంది. అందుకే జూలైలో తలుపులు పట్టేస్తాయి, మేలో పలకల మధ్య సందులు పడతాయి. బాగా ఆరిన మహాగనిలో ఈ ఉబ్బూ తగ్గూ చాలా తక్కువ. దానితో చేసిన బీరువా తలుపు వంకర తిరగదు. సొరుగు ఏ కాలంలోనైనా వేలితో లాగితే వస్తుంది. ఉలికి చక్కగా లొంగుతుంది కాబట్టి సన్నని లత చెక్కినా అంచు విరగదు. మాను లావుగా ఉంటుంది కాబట్టి పదిమంది కూర్చునే బల్లకు కూడా అతుకుల్లేని వెడల్పు పలకలు దొరికేవి. నిలకడ, లొంగుబాటు, వెడల్పు ఒకే కర్రలో కుదరడం అరుదు. పాత కాలపు మహాగనిలో ఆ మూడూ ఉండేవి.

ఇక పేరు సంగతి. బ్రిటన్ పార్లమెంటు 1721లో తన అమెరికా, కరీబియన్ వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. దాంతో జమైకా మహాగని లండన్ రేవుకు ఓడలకొద్దీ వచ్చి పడింది. అప్పటిదాకా ధనికుల ఇళ్లలో ఉన్న వాల్‌నట్ సామాను వెనక్కి పోయింది. థామస్ చిప్పెన్‌డేల్ అనే లండన్ వడ్రంగి 1754లో కుర్చీలు, బల్లలు, అలమరల నమూనాలతో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఆ నమూనాలు చూసి ప్రపంచంలో ఎన్నో చోట్ల సామాను చేశారు. వంపు తిరిగిన కాళ్లు, వీపు భాగంలో జాలీలా చెక్కిన కుర్చీలు ఇవాళ మన పెళ్లి మంటపాల్లో కనిపిస్తే వాటి మూలాలు కొంతవరకు అక్కడివే.

ఆ సొగసు వెనుక ఉన్న చెమట గురించి కూడా చెప్పాలి. జమైకాలో మంచి చెట్లు తరిగిపోగానే వ్యాపారులు మధ్య అమెరికా తీరానికి, ఇవాళ బెలీజ్ అంటున్న దేశానికి వెళ్లారు. అక్కడ అడవి పని చేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. మహాగని గుంపుగా పెరగదు. ఎకరాల అడవిలో ఎక్కడో ఒక చెట్టు ఉంటుంది. దాన్ని వెతకడానికి ఒక అనుభవజ్ఞుడు ఉండేవాడు. ఆగస్టులో మహాగని ఆకు రంగు మారే వేళకు అతను ఎత్తయిన చెట్టు కొమ్మకు ఎక్కి, పచ్చని అడవి మీద ఎర్రబారిన కొసలు ఎటు కనిపిస్తున్నాయో చూసి దారి చెప్పేవాడు. మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది కాబట్టి చుట్టూ మంచె కట్టి, దాని మీద నిలబడి గొడ్డళ్లతో నరికేవారు. దుంగల్ని ఏటి ఒడ్డుకు లాగడం ఎండాకాలంలో జరిగేది. పగటి వేడికి ఎద్దులు తట్టుకోలేవని రాత్రిపూట కాగడాల వెలుగులో బండ్లు తోలేవారు. వానలకు ఏరు పొంగితే దుంగలు సముద్రానికి చేరేవి. ఇవాళ బెలీజ్ జాతీయ చిహ్నంలో మహాగని చెట్టూ, ఇద్దరు కలప కార్మికులూ ఉన్నారు. ఆ దేశం తన చరిత్రను మరిచిపోలేదు.

ఈ దాహానికి అడవులు ఆగలేకపోయాయి. చిన్న ఆకు మహాగనిని 1992లో, అమెరికా అడవుల పెద్ద ఆకు మహాగనిని 2003లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. అనుమతి పత్రాలు లేకుండా ఆ కర్ర సరిహద్దు దాటకూడదు. రెండు వందల ఏళ్ల చెట్టును ఒక్క రోజులో నరకవచ్చు. మళ్లీ అంత చెట్టు కావాలంటే రెండు వందల ఏళ్లూ గడవాల్సిందే. లోకంలో మహాగని కొరత వెనుక ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మేలైన కర్ర సామాను అనగానే లండన్, పారిస్ గుర్తొస్తాయి. కానీ అదే పద్దెనిమిదో శతాబ్దంలో, ఆ లండన్ దొరలే ఎదురుచూసి తెప్పించుకున్న సామాను మన విశాఖపట్నంలో తయారైంది. జిట్రేగి వంటి కర్రల మీద ఏనుగు దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి లతలు, పూలు తీర్చేవారు. కంసాలి కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేశాయి. నమూనా ఇంగ్లండుది, చెయ్యి మాత్రం మనది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంట్లో ఉన్న దంతపు కుర్చీలను ఆయన మరణం తర్వాత 1781లో వేలం వేస్తే మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. విశాఖ పనితనంగా చెప్పే ఆ కుర్చీలు నేటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. ఏనుగు దంతం వ్యాపారం ఇప్పుడు నేరం. అది నేరం కావడమే న్యాయం. కానీ ఆ కుర్చీలు మనకు ఒక సంగతి రుజువు చేస్తున్నాయి. ప్రపంచంలో ఏ దర్బారుకైనా సరిపోయే సామాను తెలుగు చేతులు చేయగలిగాయి.

మరో సంబంధం కూడా ఉంది. ఐరోపా మహాగని బల్లల మీద అద్దంలా మెరిసే ఫ్రెంచ్ పాలిష్ అంటే స్పిరిటులో కరిగించిన లక్క. ఆ లక్క మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే జిగురు నుంచి వస్తుంది. దాన్ని ప్రపంచానికి అందించిన దేశాల్లో మనదే ముఖ్యమైనది. గుడ్డను ఉండలా చుట్టి, ఆ ద్రావణంలో ముంచి, కర్ర మీద పొర మీద పొరగా రోజుల తరబడి రుద్దితేనే ఆ మెరుపు వచ్చేది. చెట్టు పరాయి దేశానిదైనా, దాని ముఖంలో వెలుగు మన అడవి మనుషులు ఏరి తెచ్చిన లక్కది.

పెనుబల్లి నుంచి నీలాద్రి గుట్ట వైపు, అక్కడి నుంచి కొత్తగూడెం, భద్రాచలం దాకా ఉన్న అడవుల సంగతి చూద్దాం. ఈ అడవి టేకుకు పేరు పొందింది. టేకుతోపాటు నల్లమద్ది, ఏగిశ, జిట్రేగి, బండారు, తునికి ఉన్నాయి. వీటి మధ్య మహాగనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. అదే సోమిద. ఎర్రని చేవ, చేదు బెరడు దాని గుర్తులు. కాయ గట్టిగా, కర్రలా ఉంటుంది. ఎండి విచ్చుకున్నప్పుడు లోపలి నుంచి రెక్కలున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. మహాగని గింజా అలాగే రెక్కతో ఎగురుతుంది.

ఈ చుట్టరికాన్ని గుర్తించి లోకానికి చెప్పినవాడు విలియం రాక్స్‌బరో. ఈ స్కాట్లండు వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కల్ని పరిశీలించాడు. మన చిత్రకారులతో వాటి బొమ్మలు గీయించాడు. సోమిదను ఆయన మహాగని ప్రజాతిలోనే చేర్చి, జ్వరాన్ని తగ్గించే మహాగని అనే అర్థం వచ్చే శాస్త్రీయ నామం పెట్టాడు. పెరూ నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా మన సోమిద బెరడు పనికొస్తుందేమోనని ఎడిన్‌బరోకు పంపాడు. 1794లో అక్కడ ఒక వైద్య విద్యార్థి దాని మీదే పట్టా కోసం వ్యాసం రాశాడు. మన బిల్లుడు చెట్టును కూడా రాక్స్‌బరో మహాగని వరసలోనే పెట్టాడు. పట్టులా మెరిసే లేత పసుపు బిల్లుడు కర్రను ఇంగ్లండులో అలంకరణ పనులకు ఇష్టపడి వాడారు. తర్వాతి శాస్త్రవేత్తలు సోమిదనూ బిల్లుడునూ వేరే ప్రజాతులుగా విడదీశారు. రాక్స్‌బరో కలకత్తా ఉద్యానవనానికి అధికారిగా ఉన్న కాలంలోనే, 1795లో, జమైకా నుంచి మహాగని మొక్కలు ఆ తోటకు చేరాయి. పెద్ద ఆకు రకం 1872లో హోండురస్ నుంచి వచ్చింది. మన గట్ల మీద ఇప్పుడు నాటుతున్న మొక్కలకు ఈ దేశంలో ఇంత వెనకటి చరిత్ర ఉంది.

సోమిద కర్ర మహాగని కంటే చాలా బరువు, చాలా గట్టి. ఉలికి అంత తేలిగ్గా లొంగదు. కానీ చెదలు దాన్ని ముట్టవు. అందుకే మన పెద్దలు ఇంటి నిట్టాళ్లకు, దూలాలకు, గుడి నిర్మాణాలకు వాడారు. ఇవాళ మన పిల్లల్లో ఆ చెట్టును చూపిస్తే పేరు చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. దూరదేశపు చుట్టం మీద ఉన్న మోజులో పక్కింటి చుట్టాన్ని మనం పోగొట్టుకోకూడదు.

ఈ అడవి నుంచి సంపద ఎలా పోయిందో కూడా తెలుసుకోవాలి. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి ప్రభుత్వానిదైంది. టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమహేంద్రవరం దాకా తేల్చుకుపోయేవారు. నరికింది, లాగింది, తెప్ప కట్టింది కోయలు, కొండరెడ్లు. వాళ్లకు దక్కింది కూలి. దుంగ దుంగగానే ఊరు దాటింది. దానితో బల్ల చేసి, మంచం చేసి, చెక్కి, మెరుగు పెట్టి సంపాదించిన ఆదాయం వేరే ఊళ్లకు పోయింది. రేపు మన మహాగనికీ ఇదే జరిగితే, అంటే చెట్టు మన చేలో పెరిగి, పనితనపు విలువ ఇంకెక్కడో చేరితే, పెంచిన కష్టానికి తగ్గ ఫలం మనకు రాదు.

ఇప్పుడు రైతు సోదరులతో నేరుగా మాట్లాడతాను. మహాగని నాటండి. అది మంచి చెట్టే. కానీ చేతికందే ఆదాయాన్ని దానితో లెక్క కట్టవద్దు. కలప ధర మాను చుట్టుకొలతనూ, చేవ శాతాన్నీ బట్టి వస్తుంది. పన్నెండేళ్ల చెట్టు ఎత్తుగా కనిపించినా లోపల చేవ సన్నగా ఉంటుంది. చుట్టూ ఉన్నది తెల్లచెక్క. దాన్ని పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. బ్రిటిష్ వాళ్లు ఫిజీ దీవుల్లో గత శతాబ్దం మధ్యలో మహాగని తోటలు పెట్టించారు. 1903 నుంచి మన తెలుగు వాళ్లు చెరకు కూలీలుగా వెళ్లి స్థిరపడ్డ దేశమే అది. ఆ తోటల్లో కోత మొదలవడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఆ కర్రతో గిటార్లు కూడా చేస్తున్నారు. మహాగనికి ఆ మాత్రం ఓపిక కావాలి.

ఈ చెట్టుకు పెద్ద శత్రువు మొవ్వు తొలిచే పురుగు. లేత మొక్క కొస చిగురులోకి దూరి తొలిచేస్తుంది. మొవ్వు చస్తే పక్క కొమ్మలు లేచి మాను రెండుగా చీలుతుంది. నిటారైన పొడుగు దుంగ పోతే విలువలో ఎక్కువ భాగం పోయినట్టే. అందుకని మొదటి నాలుగైదేళ్లు కంట్లో వత్తులు వేసుకుని చూడాలి. పక్క కొమ్మల్ని కత్తిరించి ఒకే మొవ్వును పైకి పోనివ్వాలి. చేనంతా మహాగనే వేస్తే పురుగుకు పండగ. మామిడి తోట చుట్టూ, గట్ల మీద, ఇతర చెట్లతో కలిపి వేస్తే బెడద తగ్గుతుంది, పంట ఆదాయం ఆగదు. నీరు నిలిచే నేల దీనికి పడదు. ఇంకొక మాట. సొంత భూమిలోని చెట్టును నరకడానికీ, కలప తరలించడానికీ 2002 నాటి వాల్టా చట్టం, అటవీ రవాణా నిబంధనలు ఉన్నాయి. ఏ జాతికి మినహాయింపు ఉందో, దేనికి అనుమతి కావాలో నాటకముందే అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. కొంటామని రాసిచ్చే కాగితాన్ని తెలిసినవాళ్లకు చూపించాకే సంతకం పెట్టండి.

ఇక సామాను కొనేవాళ్లకు. షాపులో మహాగని అన్న మాట చాలాసార్లు పాలిష్ రంగు పేరు. లోపల ఏ కర్రయినా ఉండవచ్చు. బల్లను తిరగేసి అడుగు చూడండి. సొరుగు బయటకు లాగి వెనక పలక చూడండి. పాలిష్ పడని చోట కర్ర తన అసలు రంగులో ఉంటుంది. కోసిన అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్. కాలినీ పట్టెనూ మేకులతో బిగించారా, బెజ్జం కొట్టి రెండో చెక్క కొసను అందులో దిగ్గొట్టారా అన్నది చూడండి. బెజ్జం పని చేసిన కుర్చీని మీ మనవలు కూడా వాడతారు. కర్ర ఎంతకాలం ఆరబెట్టారని అడగండి. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలని పాత వడ్రంగులు చెబుతారు. ఇప్పుడు వేడి గదుల్లో త్వరగా ఆరబెడుతున్నారు, అదీ సక్రమంగా చేస్తే మంచిదే. అస్సలు ఆరని కర్రతో చేసిన మంచం మాత్రం మొదటి వేసవికే చీలుతుంది.

వడ్రంగుల మాట చివరగా చెబుతున్నాను. బాడిస పట్టి దుంగ చెక్కినవాళ్లు, చిత్రిక పట్టి పలకను అద్దంలా చేసినవాళ్లు, చేతి కొలతతో పందిరిమంచాలూ భోషాణాలూ కట్టినవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాదులో ప్లైవుడ్ కోసి సన్‌మైకా అంటించే పనికి వెళుతున్నారు. ఆ పని తక్కువని నేను అనను, అదీ కష్టార్జితమే. కానీ ముందుముందు ఈ మండలాల్లో మహాగని కోతకు వచ్చేనాటికి దాన్ని మేలైన సామానుగా మలిచే చేతులు ఇక్కడ మిగలాలి. చెట్టును ఈ రోజు నాటుతున్నాం కాబట్టి ఆ చేతుల్ని కూడా ఈ రోజే తయారు చెయ్యాలి. ఐటీఐల్లో వడ్రంగం నేర్చే పిల్లలకు పాత మేస్త్రీల దగ్గర కొంతకాలం పని దొరికేలా చూద్దాం. రైతులు నలుగురు కలిసి సామిల్లు, కర్ర ఆరబెట్టే షెడ్డు పెట్టుకోగలిగితే దుంగ ధరకూ బల్ల ధరకూ మధ్య ఉన్న తేడా ఊళ్లోనే నిలుస్తుంది. హరితహారం పథకం కాలం నుంచి పంచాయతీలకు నర్సరీలు ఉన్నాయి. వాటిలో మహాగని పక్కనే సోమిద, బిల్లుడు, జిట్రేగి, ఏగిశ మొక్కలు కూడా పెంచమని మన గ్రామసభల్లో అడుగుదాం. ఊరి చెరువు కట్ట మీద, బడి ఆవరణలో నాటుదాం.

విలాసమంటే ఖరీదైన వస్తువు ఇంట్లో ఉండటమని చాలామంది అనుకుంటారు. నా మట్టుకు నాకు, మూడు తరాల పాటు బిగి వదలని బల్ల, దాన్ని చేసిన వడ్రంగి కుటుంబానికి గౌరవంగా బతుకుదెరువు, దానికి కర్ర ఇచ్చిన చోట మళ్లీ లేచిన చెట్టు, ఈ మూడూ కలిసిందే నిజమైన విలాసం. ఆ మూడింటినీ ఒకేచోట సాధించే నేల, నీరు, అనుభవం పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా మనకు ఉన్నాయి. ఈ వానాకాలం మొక్క నాటేటప్పుడు దాన్ని కోసే సంవత్సరం ఏదో, దానితో ఏం చేయించాలో, ఎవరు చేస్తారో ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. పిల్లలకు చెప్పి నాటండి, ఎందుకంటే ఆ చెట్టును కోసే వేళకు నిర్ణయం వాళ్లది.